గెర్హార్డ్ ఆర్మౌర్ హాన్సెన్ కుష్టు పరిశోధనపై సర్వసభ్య సమావేశ తీర్మానం

తీర్మానం సంఖ్య: 4

సందర్భం: జనవరి 30, మహాత్మాగాంధీ వర్ధంతి, కుష్టు నివారణ దినం. జిల్లాలోని చర్మవ్యాధి వైద్యులు, కుష్టు విభాగంలో పనిచేసే పారామెడికల్ సిబ్బంది, ఆశా కార్యకర్తలు, వ్యాధి నయమై కాలనీల్లో, ఊళ్ళలో కాపురముంటున్న సభ్యులు కలిసి జరుపుకున్న మన సంఘం సర్వసభ్య సమావేశం.

ప్రస్తావన

సంఘం పఠనాలయంలో నార్వే వైద్యుడు గెర్హార్డ్ ఆర్మౌర్ హాన్సెన్ చిత్రపటం పెట్టాలనీ, ఇకమీదట మన కాగితాలన్నిటిలో ‘కుష్టు’ అనే మాట తీసేసి ‘హాన్సెన్ వ్యాధి’ అని రాయాలనీ కార్యవర్గం ప్రతిపాదించింది. ప్రతిపాదన చదివిన వెంటనే, వ్యాధి నయమైన సభ్యులలో పెద్దామె ఒకరు లేచి ఒక ప్రశ్న అడిగారు. ఆ డాక్టరు ఒక ఆడమనిషి కంట్లో ఆమెకు చెప్పకుండా రోగపు రసం ఎక్కించాడని మీరే ఒకనాడు క్లాసులో చెప్పారు గదా, ఆ సంగతి కూడా పటం కింద రాస్తారా అన్నది ఆ ప్రశ్న. వ్యాధి వల్ల ఆమె కుడికన్ను రెప్ప పూర్తిగా మూతపడదు. ధూళి పడకుండా కొంగుతో కన్ను కప్పుకునే మాట్లాడారు. ఆ ప్రశ్న మీద రెండు గంటలకు పైగా చర్చ సాగింది. ఈ తీర్మానం ఆ చర్చలోంచి వచ్చింది.

మొదటి భాగం: ఆ పరిశోధన చేసిన మేలు

అ) 19వ శతాబ్దం మధ్యలో నార్వే పడమటి తీరంలో కుష్టు తీవ్రంగా ఉండేది. 1856లో ఆ దేశం కుష్టు సోకిన వారందరి పేర్లతో జాతీయ పట్టిక మొదలుపెట్టింది. ఒక వ్యాధికి దేశమంతటా పట్టిక రాయడంలో ప్రపంచానికి అదే దారి చూపింది. అప్పటికి అందులోకెక్కిన వారు 3,000కు దగ్గర. ఆ పట్టికే లేకపోతే హాన్సెన్ పరిశోధనకు పునాది ఉండేది కాదు. పేరు పేరునా, ఊరు ఊరునా రాసి పెట్టుకున్న ఆ చిట్టాలు మన సిబ్బంది ఇవాళ రాసే రిజిస్టర్లకు పెద్దన్నలు గనుక;

ఆ) ఆ రోజుల్లో ఈ వ్యాధి మీద పెద్ద పేరున్నవాడు బెర్గెన్ వైద్యుడు డానియెల్ డానియెల్సన్. సహచరుడు బ్యోక్‌తో కలిసి 1847లో ఆయన వెలువరించిన గ్రంథం ఈ వ్యాధిపై ఆధునిక శాస్త్రానికి తొలిమెట్టు. అయితే వ్యాధి వంశపారంపర్యమని ఆయన గట్టి నమ్మకం. అంటదని రుజువు చేయడానికి రోగపు పదార్థాన్ని తన ఒంటిలోకే ఎక్కించుకున్నాడు. 1841లో బెర్గెన్‌లో పుట్టి, 1866లో వైద్య పట్టా తీసుకున్న హాన్సెన్ 1868లో ఆయన దగ్గరే కుదిరాడు. ఆయన కూతుర్నే పెళ్ళి చేసుకున్నాడు. గురువు, మామ, ఆసుపత్రిలో పైఅధికారి, ముగ్గురూ ఒక్కరే అయినా ఆయన సిద్ధాంతాన్ని కాదనడానికి వెనకాడలేదు. ‘పెద్దలు చెప్పారు’ అన్న మాట సాక్ష్యం కాదని చేతలతో చూపించాడు గనుక;

ఇ) 1873 ఫిబ్రవరి 28న హాన్సెన్ ఒక రోగి ఒంటి మీది బుడిపెను కోసి, అందులోని రసాన్ని గాజు పలక మీద పూసి, సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. రంగు వేసి సూక్ష్మజీవిని ఎత్తి చూపే పద్ధతులు అప్పటికి ఆయన చేతిలో లేవు. రంగులేని ఆ రసంలో సన్నటి నిటారు పుల్లల్లాంటివి కనబడ్డాయి. ఈనాడు మన ప్రయోగశాలలో చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి, గీరి, పలక మీద పూసి, కార్బాల్ ఫుక్సిన్ వేస్తే అవే పుల్లలు ఎర్రగా, కట్టగట్టిన చుట్టల్లా గుంపులుగా తేలుతాయి. మన టెక్నీషియన్ నిమిషంలో గుర్తుపట్టేదాన్ని ఆయన రంగు సాయం లేకుండా, కేవలం ఓపికతో పట్టుకున్నాడు. క్షయ సూక్ష్మజీవిని రాబర్ట్ కోచ్ ప్రకటించింది 1882లో. అంటే దీర్ఘకాలం పీడించే మానవ వ్యాధికి ఒక సూక్ష్మజీవి కారణం కావచ్చన్న ఊహ 1873 నాటికి వైద్యలోకంలో ఇంకా ఊహగానే ఉంది గనుక;

ఈ) 1874లో క్రిస్టియానియా (ఇప్పటి ఓస్లో) వైద్య సంఘానికి ఆయన సమర్పించిన నివేదిక ఆ సంఘం వైద్య పత్రికలో అచ్చయింది. 1875లో దాని సారం ఇంగ్లీషులోనూ వచ్చింది. అందులో సూక్ష్మదర్శిని సంగతి కొంతే. మిగతాదంతా ఊళ్ళు తిరిగి రాసుకున్న లెక్క. ఎవరి ఇంట్లో ఎవరికి ముందు వచ్చింది, ఎవరు ఎవరితో కలిసి ఉన్నారు, రక్తసంబంధం లేనివారికి ఎట్లా వచ్చింది అని ఇల్లిల్లూ అడిగి కూర్చాడు. చూసిన పుల్లలే వ్యాధి కారకాలని తేల్చి చెప్పడానికి ఆధారం చాలదని ఆ నివేదికలో తొందరపడలేదు. కనబడినదాన్ని కనబడినంతే చెప్పడం పరిశోధన రాతకు మర్యాద గనుక;

ఉ) 1879లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ నైసర్ బెర్గెన్ వచ్చి, హాన్సెన్ ఇచ్చిన నమూనాలు బ్రెస్లావ్‌కు తీసుకుపోయి, రంగు వేసి, సూక్ష్మజీవిని తానే కనుగొన్నట్టు ప్రచురించాడు. హాన్సెన్ 1880లో తన పరిశీలనల చరిత్ర మొత్తం మళ్ళీ ప్రచురించి తన హక్కు నిలబెట్టుకున్నాడు. 1874 నాటి అచ్చు పుటలే లేకపోతే ఆ వాదంలో ఆయనకు సాక్ష్యం ఉండేది కాదు. చేసిన పనిని సకాలంలో అచ్చువేయడం ఎంత అవసరమో ఈ ఉదంతం చెబుతుంది గనుక;

ఊ) నార్వే నుంచి అమెరికా వలస వెళ్ళిన కుష్టు సోకినవారి సంతానం ఎట్లా ఉందో చూడడానికి హాన్సెన్ 1888లో అక్కడికి వెళ్ళాడు. తల్లిదండ్రులకు, తాతలకు వ్యాధి ఉన్నా, పిల్లల్లో, మనుమల్లో అది కనబడలేదు. వంశంలో వస్తుందన్న వాదానికి ఇంతకంటే గట్టి జవాబు లేదు. ‘ఆ ఇంటి పిల్లను చేసుకోవద్దు, వాళ్ళ నాయనకు పెద్దజబ్బు’ అని మన ఊళ్ళలో ఇంకా సంబంధాలు చెడగొట్టేవాళ్ళకు ఆ జవాబు అంది నూట ముప్పై ఏళ్ళు దాటింది గనుక;

ఋ) ఆ సూక్ష్మజీవిని, మైకోబాక్టీరియం లెప్రేను, ప్రయోగశాల గిన్నెలో పెంచడం ఈనాటికీ ఎవరి వల్లా కాలేదు. 1960లో చార్లెస్ షెపర్డ్ ఎలుక పాదంలోనూ, 1971లో కిర్క్‌హైమర్, స్టార్స్ ఆర్మడిల్లోలోనూ పెంచగలిగారు. అది రెట్టింపు కావడానికి పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఒంట్లో చేరాక వ్యాధి బయటపడడానికి సగటున ఐదేళ్ళు, కొందరిలో ఇరవై ఏళ్ళు పట్టవచ్చు. నూటికి తొంభై అయిదు మందికి పైగా దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. హాన్సెన్ కాలంలో రుజువు ఎందుకంత కష్టమైందో ఈ లెక్కలు చూస్తే తెలుస్తుంది. ఈ కష్టమే ఆయన్ని తప్పుదారి పట్టించిందని కూడా ఈ సమావేశం గమనించింది గనుక;

రెండవ భాగం: ఆ పరిశోధకుడు చేసిన కీడు

ౠ) సూక్ష్మజీవి మనిషి నుంచి మనిషికి పాకుతుందని రుజువు చేయడానికి జంతువుల మీద ప్రయత్నాలు ఫలించక, 1879 నవంబరులో హాన్సెన్ బెర్గెన్ ఆసుపత్రిలో ఉన్న 33 ఏళ్ళ స్త్రీ కంటి పొరలోకి మరొక రోగి బుడిపె నుంచి తీసిన పదార్థాన్ని ఎక్కించాడు. ఆమెకు అప్పటికే కుష్టు ఉంది, కాని అది మరొక రకం. ఆమె అనుమతి అడగలేదు. ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో చెప్పలేదు. ప్రయోగాన్ని తాను చూసినట్టు రోగి చూస్తుందని అనుకోలేకనే అడగలేదన్న అర్థంలో ఆయన తర్వాత కోర్టులో ఒప్పుకున్నాడు గనుక;

ఎ) ఆమె నోరు మూసుకుని ఊరుకోలేదు. ఆసుపత్రికి వచ్చే మతగురువుతో చెప్పుకుంది. ఫిర్యాదు కోర్టుదాకా వెళ్ళింది. 1880 మే 31న బెర్గెన్ కోర్టు హాన్సెన్‌ను దోషిగా తేల్చి, ఆసుపత్రి వైద్యుడి పదవి నుంచి తొలగించింది. అయితే కుష్టు విభాగపు ముఖ్య వైద్యాధికారి పదవి ఆయనకే ఉండిపోయింది. 1912లో చనిపోయే వరకు ఆయన ఆ హోదాలోనే కొనసాగాడు. 1909లో బెర్గెన్‌లో జరిగిన రెండో అంతర్జాతీయ కుష్టు మహాసభకు అధ్యక్షత కూడా వహించాడు. ఆమె పేరు మాత్రం అంతగా ఎవరికీ తెలియలేదు గనుక;

ఏ) ఆయన ప్రోద్బలంతో నార్వే 1877లోనూ 1885లోనూ చేసిన చట్టాలు కుష్టు సోకిన వారిని వేరుగా ఉంచే అధికారం ప్రభుత్వానికి ఇచ్చాయి. నార్వేలో వ్యాధి క్రమంగా తగ్గింది, ఆయన చనిపోయేనాటికి రోగుల సంఖ్య కొన్ని వందలకు దిగింది. కాని అదే చూపించి 1897 బెర్లిన్ మహాసభ ఏకాంతవాసాన్ని అన్ని దేశాలకూ సిఫారసు చేసింది. మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం 1898లో తెచ్చిన లెపర్స్ చట్టం, ‘బీద కుష్టు రోగి’లా కనబడిన ఎవరినైనా వారెంటు లేకుండా పోలీసు పట్టుకోవచ్చునని రాసింది. నార్వేలో ఇంట్లోనే వేరుగది ఉంటే చాలునన్న వెసులుబాటు కొంతమందికైనా ఉండేది. మనకు పోలీసు లాఠీ మాత్రమే వచ్చింది. ఆ చట్టం 2016లో గాని రద్దు కాలేదు. కుష్టు ఉంటే విడాకులు ఇవ్వవచ్చునన్న నిబంధన వ్యక్తిగత చట్టాల్లోంచి 2019లో గాని పోలేదు గనుక;

మూడవ భాగం: మన నేల మీద

ఐ) 1915లో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు నెలకొల్పిన కుష్టు ఆసుపత్రి, ఉత్తరాంధ్రలో సాలూరు ఆసుపత్రి తరాల తరబడి తెలుగువారికి ఆసరాగా నిలిచాయి. నీరడి విత్తుల నూనె సూదుల నుంచి 1940ల నాటి డాప్సోన్ వరకు, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స వరకు, మన పెద్దలు కొందరు ఒక్క జీవితంలోనే ఆ మార్పంతా చూశారు. ఇవాళ నెలకొక మందుల అట్ట, ఉచితంగా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరుకుతుంది. తక్కువ తీవ్రత ఉంటే ఆరు నెలలు, ఎక్కువుంటే ఏడాది వాడితే వ్యాధి నయమవుతుంది. మందు మొదలైన కొద్ది రోజుల్లోనే ఎదుటివారికి పాకే ప్రమాదం పోతుంది గనుక;

ఒ) మన దేశం 2005 డిసెంబరులో జాతీయ స్థాయిలో పదివేల మందికి ఒకరికంటే తక్కువ అన్న గీత దాటింది. దాన్ని ‘నిర్మూలన’ అని ప్రకటించడంతో చాలామంది వ్యాధి పోయిందనుకున్నారు. ఇప్పటికీ ఏటా లక్ష దాకా కొత్త కేసులు బయటపడుతున్నాయి. ప్రపంచం మొత్తం కేసుల్లో సగానికి పైగా మనవే. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి, మచ్చ ఉందా అని అడిగి, కళ్ళు మూసుకోమని, బాల్‌పెన్ను మొనతో మచ్చ మీద తాకి, ఎక్కడ తాకానో వేలుతో చూపించమంటుంది. చూపించలేకపోతే అనుమానించాలి. ఆ పరీక్షకు ఖర్చు లేదు. ఆలస్యం అయితే మాత్రం మొద్దుబారిన చెయ్యి వేడి టీ గ్లాసు తెలియక పట్టుకుని బొబ్బలెక్కుతుంది, కాలిలో మేకు దిగినా తెలియక పుండవుతుంది. వేళ్ళు రాలిపోయేది సూక్ష్మజీవి తినడం వల్ల కాదు. నొప్పి తెలియక తగిలే దెబ్బల వల్ల, కాలిన గాయాల వల్ల, పుళ్ళ వల్ల గనుక;

ఓ) కుష్టును పాపఫలంగా చూపడం మన సాహిత్యానికీ నాటకానికీ కొత్త కాదు. నాగభూషణం ఊరూరా ఆడిన ‘రక్తకన్నీరు’ చూసి తెలుగునాట రెండు తరాలు, విలాసాలు చేసినవాడికి పట్టే రోగం ఇదేనని అనుకున్నాయి. నటుడి ప్రతిభ మీద ఈ సమావేశానికి గౌరవమే ఉంది. ఆ కథ వ్యాధిని శిక్షగా చూపడంతో మచ్చ కనబడినా దాచుకోవడం ఒక అలవాటైంది. 1873లోనే సూక్ష్మజీవి కనబడినా 1973 నాటికి కూడా ఆ సంగతి మన నాటకం తెర దాటి రాలేదు గనుక;

ఔ) అనుమతి అడగకపోవడం నార్వే నాటి పాత కథ మాత్రమే కాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, హాస్టళ్ళలో చదివేవారితో సహా, బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాల ప్రయోగాత్మక కార్యక్రమం జరిగింది. 2010లో అది ఆగింది. దానిపై 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు, 1,948 మీద వేలిముద్రలున్నాయి. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, దానిలోకి ఈ సమావేశం పోవడం లేదు. అమ్మానాన్నలు బతికుండగా పిల్ల తరఫున వార్డెన్ సంతకం చేయడం ఏ కాలంలోనైనా తప్పే గనుక;

ఈ అంశాలన్నిటినీ పరిశీలించి ఈ సమావేశం కింది విధంగా తీర్మానించింది.

తీర్మానాలు

1. హాన్సెన్ 1874 నివేదికను చర్మవ్యాధుల శాస్త్రంలో మానవాళికి మేలు చేసిన ప్రచురణల్లో ఒకటిగా ఈ సమావేశం గౌరవిస్తోంది. కుష్టు పాపం వల్ల వచ్చేది కాదనీ, రక్తంలో వచ్చేది కాదనీ రుజువుతో చెప్పే దారి అందులోనే మొదలైంది. ఆ నివేదిక సారాన్ని ఇరవై పేజీలకు మించకుండా, పల్లెలో పదో తరగతి చదివినవారు అర్థం చేసుకునే తెలుగులో రాయించి, వచ్చే జనవరి 30 నాటికి అచ్చు వేయాలి.

2. 1879లో అనుమతి లేకుండా ఒక రోగి కంటి మీద చేసిన ప్రయోగాన్ని ఈ సమావేశం నిర్ద్వంద్వంగా ఖండిస్తోంది. ఆ కాలపు తీరే అంత, ఈనాటి కొలతలతో ఆయన్ని కొలవకూడదు అని ఒక సభ్యుడు సవరణ ప్రతిపాదించారు. దాన్ని సమావేశం తిరస్కరించింది. ఆ కాలపు కోర్టే, ఆ ఊళ్ళోనే, ఏడు నెలల్లోపే ఆయన్ని దోషిగా తేల్చింది గనుక ‘ఆ కాలం’ అన్న సాకు ఇక్కడ నిలవదు.

3. పఠనాలయంలో హాన్సెన్ చిత్రపటం పెట్టాలి. దాని కింద రెండు పేరాలుండాలి. ఒకటి 1873 ఫిబ్రవరి గురించి, రెండోది 1879 నవంబరు గురించి. రెండూ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే నిడివిలో ఉండాలి. రెండో పేరాను వ్యాధి నయమైన సభ్యులు ముగ్గురితో కూడిన ఉపసంఘం చూసి, ఒప్పుకున్నాకే గోడకెక్కాలి.

4. వ్యాధి పేరు మార్చాలన్న ప్రతిపాదనను ఈ సమావేశం అంగీకరించలేదు. ‘హాన్సెన్ వ్యాధి’ అంటే ఆశా కార్యకర్తకే అర్థం కావడానికి సమయం పడుతుంది. మచ్చ చూపించుకోవాల్సిన ఇంటాయనకు అసలే తెలియదు. పైగా ఆ పేరు పెట్టుకుంటే ఆ కన్ను కూడా జ్ఞాపకం వస్తుందని వ్యాధి నయమైన సభ్యులే అన్నారు. వ్యాధిని కుష్టు అనే పిలుద్దాం. మనిషిని మాత్రం కుష్టోడు, కుష్టుది, కుష్టు రోగి అనవద్దు. ‘కుష్టు సోకిన వ్యక్తి’, ‘కుష్టు నయమైన వ్యక్తి’ అనే మాటలే సంఘం కాగితాల్లో, సభల్లో, వాట్సాప్ సందేశాల్లో వాడాలి. ఎదుటివాడిని తిట్టడానికి ఆ వ్యాధి పేరు వాడడం కూడా మానాలని సభ్యులకు విజ్ఞప్తి.

5. సంఘం సభ్యులెవరు చర్మవ్యాధులపై పరిశోధన చేసినా, వ్యాసం రాసినా కింది నియమాలు పాటించాలి.

క) సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. గోండు, కోయ, సవర, లంబాడీ మాట్లాడేవారి దగ్గర వారి భాష తెలిసినవారిచేత నోటితో వివరించాలి. చదువు వచ్చినవారికైనా ఒకసారి చదివి వినిపించాలి.

ఖ) ‘వద్దు’ అంటే చికిత్సలో ఏ తేడా రాదన్న మాట మొదటి వాక్యంలోనే ఉండాలి, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో కాదు.

గ) మైనరు తరఫున తల్లి, తండ్రి లేదా చట్టపరమైన సంరక్షకులే ఒప్పుకోవాలి. వార్డెన్, ప్రధానోపాధ్యాయుడు, సర్పంచ్ సంతకం ఏ పరిస్థితిలోనూ చెల్లదు.

ఘ) అడిగిన రోజే సంతకం తీసుకోకూడదు. ఇంటికి వెళ్ళి పదిమందితో మాట్లాడుకునే వ్యవధి ఇవ్వాలి.

ఙ) చర్మవ్యాధి వ్యాసాలకు ఫొటోలు ప్రాణం. అందుకే ఫొటోకు విడిగా సమ్మతి తీసుకోవాలి. ముఖం, పచ్చబొట్టు, నగ, గుర్తుపట్టే ఏదైనా కనబడకూడదు. కళ్ళమీద నల్ల గీత గీస్తే గుర్తుపట్టరనుకోవడం పొరపాటు. పత్రికకు పంపిన ఫొటోను వైద్యుల వాట్సాప్ గ్రూపుల్లో పంచుకోకూడదు.

చ) పరిశోధన ముగిశాక ఫలితం ఏమిటో అందులో పాల్గొన్నవారికి వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ భాషలో చెప్పాలి. అచ్చయిన పత్రిక పేరు కంటే ఈ పని ముందు జరగాలి.

6. కుష్టు బయటపడిన ఇంట్లోని వారికి, ఇరుగుపొరుగు వారికి ముందుజాగ్రత్తగా ఇచ్చే ఒక్క మోతాదు రిఫాంపిసిన్ కార్యక్రమాన్ని ఈ సమావేశం సమర్థిస్తోంది. అయితే ఎవరి వల్ల ఈ మందు ఇస్తున్నామో చెప్పకుండా ఇవ్వాలి. వ్యాధి సోకిన వ్యక్తి ముందుగా ఒప్పుకున్నాకే ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్ళాలి. ‘ఆ ఇంట్లో ఉంది కాబట్టి మీకిస్తున్నాం’ అన్న ఒక్క మాటతో ఆ కుటుంబానికి బోరింగు దగ్గర నీళ్ళు కూడా దొరక్కుండా పోవచ్చు.

7. బడులు తెరిచే జూన్ నెలలో, పంట పనులు తగ్గే ఫిబ్రవరిలో ఏటా రెండుసార్లు సంఘం సభ్యులు మచ్చ పరీక్ష శిబిరాలు నిర్వహించాలి. ఆడవారిని ఆడవారే, చాటున చూడాలి. స్పర్శ పోయిన పాదాలున్న వారికి ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు కొలత తీసి ఇవ్వాలి, దొరికిన సైజు ఇవ్వకూడదు.

8. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు రెండు విజ్ఞప్తులు. ఒకటి, కుష్టు పేరుతో వివక్ష చూపే నిబంధనలు పాత రాష్ట్ర చట్టాల్లో, స్థానిక సంస్థల నియమాల్లో ఎక్కడ మిగిలి ఉన్నా వెతికి తొలగించాలి. రెండు, పింఛనుకు, రేషనుకు వేలిముద్ర తప్పనిసరి చేసినచోట, వేళ్ళు పోయినవారికీ వేలిరేఖలు అరిగిపోయినవారికీ వేరే పద్ధతిని కాగితం మీద కాకుండా కౌంటరు దగ్గరే అమలు చేయాలి. కంటిపాప గుర్తింపు కూడా అందరికీ కుదరదు. రెప్ప పడని కన్ను ఎర్రబడి, మసకబారిన వారు మా సభ్యుల్లోనే ఉన్నారు.

9. కథలు, సీరియళ్ళు, సినిమాలు రాసే తెలుగు రచయితలకు ఒక మనవి. దుర్మార్గుడికి శిక్ష వేయాలంటే కలంలో బోలెడు మార్గాలున్నాయి. కుష్టును అందుకు వాడుకోవద్దు. ఆ పాత్ర చూసి భయపడి మచ్చ దాచుకునే మనిషికి ఆ భయం వల్ల చెయ్యి పోతుంది. రాయాలనుకుంటే, తనకు జరిగింది తప్పని ఆసుపత్రిలో ఉండే చెప్పి, దేశంలో పెద్ద పేరున్న వైద్యుణ్ణి కోర్టుకు రప్పించిన ఆ బెర్గెన్ స్త్రీ గురించి రాయండి.

ఆమోదం

తీర్మానాన్ని సంఘం కార్యదర్శి ప్రతిపాదించారు. ప్రస్తావనలో ప్రశ్న అడిగిన సభ్యురాలు బలపరిచారు. రెండో అంశంపై వచ్చిన సవరణ వీగిపోయింది. నాలుగో అంశంపై ఇద్దరు వైద్య సభ్యులు భిన్నాభిప్రాయం నమోదు చేయించారు. వ్యాధి పేరు మారితేనే యువత ముందుకు వస్తుందన్నది వారి వాదం. మిగతా అంశాలన్నీ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

ఈ తీర్మానం ప్రతులను రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు, జిల్లా కలెక్టరుకు, జిల్లా కుష్టు నివారణ అధికారికి, జిల్లాలోని కళాశాలల నైతిక సమీక్షా సంఘాలకు పంపాలని కార్యదర్శిని ఆదేశించడమైనది. కుష్టు కాలనీల్లో ఈ తీర్మానాన్ని అంటించి వదిలేయకుండా, చదివి వినిపించాలి.

తీర్మానంపై సంతకం చేయగలిగిన సభ్యులందరూ సంతకాలు చేశారు. చేతివేళ్ళు లేని ఇద్దరు సభ్యులకు తీర్మానం పూర్తిగా రెండుసార్లు చదివి వినిపించి, అర్థమైందా అని అడిగి, నోటిమాటతో వారు చెప్పిన అంగీకారాన్ని ఇద్దరు సాక్షుల ముందు నమోదు చేయడమైనది. వారిలో ఒకరు ఏడో అంశంలో చెప్పుల మాట మళ్ళీ చదవమన్నారు. చదివాక సరేనన్నారు.